నాకు పాలొద్దు అన్నందుకు

“బన్ను మాడుతాండాది, చూడమ్మే.”

“మాడలేదు. దాని రంగే అది. మీరు పండుకోండి మేష్ట్రూ.”

నేనూ మా ఆయనా మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. బన్నులు తీసి వచ్చి చూసేసరికి ఆయన లేడు. బన్ను మాత్రం మాడలేదు. (అది ఆయనకు చూపించలేకపోయాననే నా బాధ. మాడిందని ఆయన, మాడలేదని నేను, కాపురమంతా ఇదే పోరు. గెలిచింది ఎప్పుడూ నేనే.) ఏడుపు కథ చెప్పడానికి మాత్రం కూర్చోలేదు. నా గొంతు గరగరమంటుంది, చేతికి సంతకం తప్ప వేరే రాత రాదు. అయినా మా అక్క మనవరాలు కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంది కాబట్టి, ఆ మేష్ట్రు నన్ను చింతామణి దాకా పరిగెత్తించిన సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో ఎవరు ఏం తింటున్నారో ఊరందరికీ తెలియాల్సిందే. తెలియకపోతే ఇంటికొచ్చి మరీ అడిగేవాళ్ళు. కన్నడ సీమలో ఉన్నా తెలుగే మాట్లాడే మా మురుగమల్లలో నా తిండి గురించి అడగని మనిషి లేడు. నాకు ఏడేళ్ళప్పుడు, మా అమ్మ ఆవును పితుకుతుంటే దూడను పట్టుకుని నిలబడే పని నాకు అప్పగించారు. అది నా వేళ్ళను తల్లి చన్ను అనుకుని చీకేది. మూడో నాడు తాడు వదిలేశాను. దూడ పాలు తాగింది, నేను దెబ్బలు తిన్నాను. ఆనాటినుంచి నాకు పాలు లేవు, పెరుగు లేదు, మజ్జిగ లేదు, నెయ్యి లేదు. మాంసం, గుడ్డు మా ఇంట్లో ముందునుంచే లేవు. తర్వాత తేనె కూడా మానేశాను. (ఏ తేనెటీగా వచ్చి నన్ను అడగలేదు, కానీ న్యాయమంటే న్యాయమే.) పట్టుచీర చూస్తే నీళ్ళలో ఉడికే పురుగులే కళ్ళ ముందు మెదిలేవి. రోగాలొస్తాయన్నారు, మొగుడు దొరకడన్నారు. నేను రాగిసంగటీ, ఉలవల చారూ, సెనక్కాయల ఊరుబిండి పచ్చడీ తిని గుండ్రాయిలాగా పెరిగాను. ఊరు నాకు ‘పాలొద్దమ్మ’ అని పేరు పెట్టింది. నేను ఉడుక్కోలేదు, పిలిస్తే పలికేదాన్ని.

మా నాయన చిక్కబళ్ళాపురంలో ఒక రొట్టెల బట్టీలో పనిచేసి, ఆ విద్య మూటగట్టుకుని వచ్చి, మా ఇంటి పక్క కొట్టంలో ఇటికెలతో బట్టీ కట్టాడు. మా ఊరి దర్గాకు వచ్చే జనం బన్నులూ రస్కులూ కొనుక్కుని పోయేవాళ్ళు. నాకు పదిహేడు వచ్చేసరికి పిండీ నాదే, సెగా నాదే. నెయ్యి పోసే చోట సెనక్కాయ నూనె పోశాను, ఆవు పాలు పోసే చోట కొబ్బరి పాలు పోశాను (వాటికి దూడ లేదు), పిండి పొంగడానికి కల్లు పోశాను. “పాలు తాగదంట, కల్లు బన్ను మాత్రం తింటాదంట!” అని వెక్కిరించినవాళ్ళే పొద్దున్నే బుట్ట దగ్గర మొదట నిలబడేవాళ్ళు. నాకు ఇంకో పిచ్చి ఉండేది, పరుగు. పిండి పొంగేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేక సెనక్కాయ చేల మధ్య బండిదారిలో పరిగెత్తి వచ్చేదాన్ని. ఎందుకు పరిగెత్తావంటే ఏం చెప్పను, కాళ్ళున్నాయి. నేను తిరిగి వచ్చేసరికి పిండి సరిగ్గా రెండింతలై ఉండేది. గడియారం లేని ఇంటికి నా కాళ్ళే గడియారం.

ఇంతలో నాయనకు ఆయాసం పట్టుకుంది. మగబిడ్డలు లేరు. ఉన్నది ఒక పెంకుటిల్లు, ఒక బట్టీ కొట్టం. బాగేపల్లికి ఇచ్చిన మా అక్కకు ఇల్లు, నాకు కొట్టం అని పత్రం రాయించాలనుకున్నాడు. మా బావ కన్ను కొట్టం మీదే. బట్టీ పడగొట్టి అక్కడ పట్టుపురుగులు మేపితే ఎట్లా ఉంటుందని అక్క చెవిలో ఊదుతుండేవాడు. (రాయి పిల్లా, ఆగకు. మీ తాతే. మంచివాడే గానీ, పురుగుల పిచ్చి.) పత్రం రాయడానికి మైసూరు వైపునుంచి కొత్తగా వచ్చిన సామి ఒకాయన దొరికాడు. ఆయనకు తెలుగులో రా, పో, కావాలి, వద్దు తప్ప ఇంకేం రావు. అరుగు మీద కూర్చుని అక్క భాగం రాసి, కలం పైకెత్తి “చిక్క మగళు?” అన్నాడు, చిన్న కూతురి మాటేమిటని. సరిగ్గా అప్పుడే అక్క కాఫీ లోటాలు పట్టుకుని వచ్చి, నన్ను ఉడికించడానికే కొట్టం వైపు తిరిగి అరిచింది.

“మేయ్, నీ కాఫీలోకీ పోసేదా?”

నేను మోచేతుల దాకా పిండిలో ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది.

“నాకు పాలొద్దు! ఎన్ని తూర్లు చెప్పల్ల? నా అంతట నేనే వద్దంటాండాను, ఎవురి బలవంతమూ లేదు. ఈ జన్మకు నాకు పాలొద్దు!”

సామి నా వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కాఫీ వద్దంటే ఇంత గౌరవమా అనుకున్నాను. ఆయన గబగబా రాసుకుని నాయనకు కన్నడంలో చదివి వినిపించాడు. మధ్యలో ‘పాలు బేడ’, అంటే పాలు వద్దు, అని వస్తే నాయన తల ఊపాడు. (“కన్నడంలో పాలను హాలంటారని నాకు తెలీదా? సామి మన తెలుగు కలిపి రాసినాడనుకున్యా. సర్కారోళ్ళు బిడ్డల గుణాలు గూడా రాసుకుంటారేమో అనుకున్యా” అని తర్వాత నా మీదే ఎగిరాడు.)

వారం తిరిగాక నాయనా, అక్కా, బావా పొద్దున బస్సుకు రిజిస్టరు కోసం చింతామణికి పోయారు. సంతకానికి నా అవసరం లేదని సామి చెప్పాడట, తీసుకునేదేమీ లేదు కదా! నేను బన్నులు బట్టీలోకి తోశాను. మా ఊరి బడికి కొత్తగా వచ్చిన మేష్ట్రు రస్కులకు వచ్చాడు. చేతికందిన కాగితంలో చుట్టి ఇచ్చాను. అది పత్రం చిత్తుప్రతి. పది నిమిషాల్లో ఆయన మళ్ళీ వచ్చాడు.

“ఈ కాగితం మీదేనామ్మా?”

“మాదే సార్. నూనె అంటిందా?”

“నీకు పాలొద్దని రాసుండాదే.”

“ఊరందరికీ తెలిసిందే కదా. సర్కారుకు గూడా తెలియనీండి.”

“ఎందుకొద్దు?”

“దూడ నోటి కాడిది లాక్కునేది నాకిష్టం లేదు.”

మేష్ట్రు కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివాడు. “ఏ దూడమ్మా? మీ అక్కా?”

అప్పుడు ఆయన విప్పి చెప్పాడు. కన్నడంలో తాగేది హాలు, పాలంటే భాగమే. నాకు నా భాగం వద్దని, నా సొంత ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ జన్మకు వద్దని రాసి ఉంది. (బలవంతం, జన్మ అనే మాటలు కన్నడంలోనూ అవే.) కొట్టం కూడా అక్కదే. అంటే నా బట్టీలో పట్టుపురుగులు!

“సార్, మీకు సైకిలుండాదా?”

“ఉండాది. చక్రంలో గాలి లేదు.”

“అయితే బన్నులు చూడండి. ఎర్రగయితే తీయండి” అని చీర ఎగదోపి పరుగందుకున్నాను. (ఆయన ఎరుపుకూ నలుపుకూ తేడా తెలియక మొత్తం బొగ్గు చేశాడు. ఆ భయం జన్మంతా వదల్లేదు.)

చింతామణి ఆరు మైళ్ళ పైమాటే. ఆడపిల్ల దారిలో పరిగెత్తిందంటే ఎవరో పోయినట్టే లెక్క. “ఎవురు పోయినారమ్మా?” అని చేలల్లోనుంచి అరిచేవాళ్ళు. “ఎవురూ పోలేదు, నా కొట్టం పోతాండాది!” అని అరుస్తూ పోయాను. ఒక తాత బండి ఎక్కమన్నాడు. “నీ ఎద్దులకన్నా నేనే ముందు పోతా తాతా” అన్నాను; పోయాను కూడా. ఒక అవ్వ చెంబు చూపించి మజ్జిగ తాగమంది. నాలుక పిడచగట్టుకుపోయింది, అయినా చెయ్యి చాపలేదు. అవ్వ బావినీళ్ళు తోడి పోసింది.

రిజిస్టరు కచేరిలో నాయన వేలికి సిరా పూసుకుని ఉన్నాడు. అడ్డం పడ్డాను. ఊపిరి అందక రెండే మాటలు బయటికొచ్చాయి.

“పాలు... కావల్ల!”

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. “యేమంటివి మే?”

“పాలు కావల్ల నాయనా!”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “పదేండ్లయిందప్పా నా బిడ్డ పాలడిగి! ఎవురన్నా తెప్పించండప్పా!” అన్నాడు. జవాను మన తెలుగువాడే. ఎదురు హోటలుకు ఉరికి, మీగడ తేలుతున్న లోటా తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. రిజిస్ట్రారు సారు కన్నడాయన. ముందు తాగమ్మా, తర్వాత మాట్లాడుదువు అని సైగ చేశాడు. కచేరి అంతా నన్నే చూస్తోంది. తాగను. తాగనంటే ‘పాలొద్దు’ అనాలి. సామి ఆ పక్కనే కలం పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు! పదేళ్ళుగా ఊరందరి ముందూ ధైర్యంగా అన్న మాట ఆ ఒక్క చోట అంటే కొట్టం పోతుంది. నేను లోటాను రెండు చేతులతో జరిపి, బజారులో విన్న కన్నడమంతా, వద్దుకు బేడ, కావాలికి బేకు, కూడదీసుకున్నాను.

“హాలు బేడ సార్. పాలు బేకు.”

సామి నెత్తి కొట్టుకున్నాడు. రిజిస్ట్రారు సారు కళ్ళద్దాలు ఊడేదాకా నవ్వి, ఆ ముక్క కొట్టించి, కొట్టం నా పేరున మళ్ళీ రాయించాడు. నేను నా మూడక్షరాలూ గుండ్రంగా పెట్టాను. ఆ లోటా పాలు బావ తాగేశాడు. ఎవరి పాలు వాళ్ళకు దక్కింది.

ఇప్పుడు వాకిలి దాకా పోవాలన్నా గోడను పట్టుకుని పోతాను. చింతామణి దారిలో ఆ పిల్ల నాకు ఎదురుపడితే గుర్తుపడతానో లేదో. మోచేతుల దాకా పిండి, కాళ్ళ నిండా దుమ్ము, “జరుగవ్వా!” అని నన్ను దాటుకుని పోతుంది. పోనీ. నాకు నవ్వే వస్తుంది, కొంచెం అసూయ కూడా.

సరే పిల్లా, కలం దించు. ఒకసారి నేనన్నది ఇంకొకరు రాసుకుంటే ఆరు మైళ్ళు పరిగెత్తాల్సి వచ్చింది. ఇప్పుడు నాకా కాళ్ళు లేవు. యేం రాసినావో, మొదట్నించీ ఒక్క మాట వదలకుండా, నాకు చదివి వినిపీ.