అదికాదు బాబాయికి వీడ్కోలు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, ఉద్యోగం వచ్చి జగ్గయ్యపేటలో దిగిన నాకు భోజనం మెస్సు కన్నా ముందు పత్తిమిల్లు వెనక ఉన్న చదరంగం గది దొరికింది. (ఆ ఏడాది నేను చిక్కిపోవడానికి కారణం అదే.) ఆ గదికి పెద్దదిక్కు మిల్లులో కాటా దగ్గర పనిచేసే ఓ పెద్దాయన. నాకు గుర్రం నడక దగ్గర్నించి నేర్పింది ఆయనే. ఆయన ఆడేది తక్కువ. మన వెనక నిలబడి, మనం బంటు మీద వేలు పెట్టగానే భుజం మీద చెయ్యేసి "అది కాదురా అబ్బాయ్" అనేవాడు. ఎదుటివాడు తప్పుచేస్తే అటెళ్ళి వాడికీ అదే సేవ. దాంతో ప్రతి ఆటా చివరికి ఆయనకీ ఆయనకీ మధ్యే జరిగేది. విసుగెత్తి "పక్కవారు సలహాలు చెప్పరాదు" అని గోడకి అట్ట తగిలించాం. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, "అక్షరాలు వంకరగా ఉన్నాయి, అలా కాదురా" అని తనే మళ్ళీ రాసిపెట్టాడు. అదికాదు బాబాయి అని ఆయనకి పేరు పెట్టింది నేనే.

ఆ గొంతుకే పాడు జబ్బు వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. తిరిగొచ్చి మా వెనక నిలబడి, చెయ్యెత్తి, మళ్ళీ దించేసుకునేవాడు. మాట లేకపోయేసరికి చెయ్యి కూడా మొహమాటపడింది. మేం కోరుకున్న నిశ్శబ్దం దొరికింది, భరించలేకపోయాం. కొన్నాళ్ళకి జబ్బు తిరగబెట్టింది. ఇంకో ఆపరేషన్ చేస్తే కాస్త ఆశ ఉందన్నారు డాక్టర్లు. ఆయన అడ్డంగా తలూపి, పెనుగంచిప్రోలులో అక్కగారింటికి వెళ్ళిపోతానన్నట్టు చెయ్యి చూపించాడు. ఎందుకు వెళ్తున్నాడో అందరికీ తెలుసు.

వీడ్కోలు సభ పెట్టాం. శాలువా, దండ, మైసూరుపాకు. (మింగలేని మనిషికి మైసూరుపాకు తెచ్చిన బుద్ధిమంతులం!) ఎంత సేపైనా వాదించగల ప్లీడరు గుమాస్తా లేచి "బాబాయి మనకి..." అని కూర్చుండిపోయాడు. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చి ఆడే నందిగామ బావ నా చెవిలో అన్నాడు: "ఉపన్యాసాలెందుకురా? ఆయనకి కావల్సింది మన తప్పులు. అందరం చెత్తగా ఆడదాం, చెయ్యెలా వెయ్యడో చూద్దాం."

బల్లలు వేసి మొదలెట్టాం. నేను మంత్రిని తీసుకెళ్ళి బావ బంటుకి ఎరగా పెట్టా. బావ దాన్ని చంపకుండా వదిలేసి నన్ను మించిపోయాడు. గుమాస్తా రాజుని ఒంటరిగా నడివీధిలోకి తోలాడు. బాబాయి మొహం ఎర్రబడింది. నా భుజం మీద చెయ్యి పడింది, ఎన్నో నెలల తర్వాత. ఏడుపొచ్చేసింది నాకు. ఆయన దండతోనే బల్ల బల్లకీ పరిగెత్తి భుజాలు తట్టాడు, గుమాస్తాకి నెత్తిన మొట్టికాయ కూడా పడింది. మేం లోపల్లోపల మురిసిపోతుంటే ఆయన దండ తీసి విసిరికొట్టి, తల బాదుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన పెనుగంచిప్రోలు బస్సెక్కలేదు. గుంటూరు వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. వారం తిరక్కుండానే పోయాడు.

తర్వాత వాళ్ళక్కగారు మా గదికొచ్చారు. "వద్దన్నవాడివి ఎందుకొప్పుకున్నావురా అంటే, మీ ఆట చూపించి తల కొట్టుకున్నాడు నాయనా. మళ్ళీ మొదట్నించీ నేర్పాలని సైగ చేశాడు. మరీ అంత అధ్వాన్నంగా ఆడతారా మీరు?" అని అడిగారు. బావే అన్నాడు: "అవునమ్మా. ఆయన లేకపోతే మాకు రాదు."

మేం ఆయనకి ఆశ పెట్టామో, ఊరికే ఆయాసం పెట్టామో నాకిప్పటికీ తేలలేదు. జుట్టు నెరిసింది, ఆట కాస్త మెరుగైంది. మంచి ఎత్తు తట్టినప్పుడు మాత్రం బంటు మీద వేలు పెట్టి అలాగే ఆగిపోతాను. "ఆడవేంటి తాతయ్యా?" అంటాడు ఎదురుగా కూర్చున్న మనవడు. "ఉండరా, ఎవరన్నా కాదంటారేమో చూడనీ" అంటాను.