శవం వదిన చెప్పిన డైలాగు

షూటింగులో అందరూ ఆమెని శవం వదిన అంటారు. పిలుపు మోటుగా ఉంటుంది గానీ అందులో వెటకారం లేదు. యుద్ధంలో ఓడిపోయిన దేశంలో ఒక ఇన్‌స్పెక్టరు హంతకుల్ని పట్టుకునే టీవీ సీరియల్ అది. ఓడిన దేశమంటే ఎక్కడిదో కాదు, వీళ్లదే. అందుకే సెట్టింగులకి పెద్ద ఖర్చు లేదు, కూలిన గోడలు వీధివీధికీ ఉన్నాయి. వారానికో హత్య, హత్యకో శవం, ఆ శవం వేషం ఆమెది. ఊపిరి బిగబట్టి, చీమ కుట్టినా కదలకుండా పడుకోవడంలో ఆమెని కొట్టేవాళ్లు లేరు. అదేం విద్యమ్మా అని అడిగితే, ఏమీ అనిపించకపోతే చాలు అనేది.

ఏమీ అనిపించక చాలా కాలమైంది. యుద్ధం ముగిసిన కొత్తల్లో మార్చురీ నుంచి కబురొస్తే అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లింది. ముసలావిడ గుమ్మం బయటే కూలబడిపోయింది. లోపల దుప్పటి తీసి చూపించారు. భర్తే. వెనక్కి తిరిగితే అత్తగారు ప్రాణాలు కళ్లల్లో పెట్టుకుని చూస్తోంది. నిజం చెబితే ఈవిడ కూడా దక్కదని భయమేసింది. కాదు అనేసింది. కొడుకు ఎక్కడో ఉన్నాడన్న ధైర్యంతోనే ముసలావిడ ఈనాటికీ రెండు పూటలా ఇంత తింటోంది.

ఒకరోజు చచ్చినవాడి భార్య వేషం వెయ్యాల్సిన నటి రాలేదు. దర్శకుడు అటూ ఇటూ చూసి, ఖాళీగా కూర్చున్న శవం వదినకి నల్ల శాలువా కప్పి నిలబెట్టాడు. మార్చురీ సీను, డైలాగు ఒక్కటే: "ఈయన మా ఆయనే." పొద్దున్నంతా వల్లించింది. దుప్పటి తీశారు. ఆమె బదులు శవంగా పడుకున్న లైట్లతను నవ్వాపుకోలేక చస్తున్నాడు. ఆమె అతని మొహం చూసింది, తలుపు వైపు చూసింది.

"కాదు" అంది.

అసిస్టెంటు తల పట్టుకున్నాడు. దర్శకుడు మాత్రం ఎగిరి గంతేశాడు. అబద్ధమని మొహం మీదే తెలిసిపోతోందట, కథకి ఇంతకన్నా మలుపు ఏముంటుందట. ఇంకోసారి తియ్యమని ఆమె బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అత్తగారు ఆ సీరియల్ ఒక్క వారం వదలదు. కోడలు ఏ మూల పడి ఉందా అని తెరకి దగ్గరగా జరిగి మరీ వెతుక్కుంటుంది. ఆ వారం కోడలు టీవీ వైరు పీకేసి, పాడైందని చెప్పింది. ముసలావిడ లేచి వైరు తగిలించుకుని కూర్చుంది.

తెర నిండా కోడలి మొహం. ఆనాడు మార్చురీలో లాగే తలుపు వైపు చూసి కాదు అంది. ఈవిడ అబద్ధమాడుతోందని ఇన్‌స్పెక్టరు పక్కవాడితో అన్నాడు.

ముసలావిడ టీవీ కట్టేసింది. తిడుతుందేమో, గుండె పట్టుకుని పడిపోతుందేమో అని కోడలు ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ ఏడవను కూడా లేదు.

"మరి వాణ్ణి ఎక్కడ పెట్టారే?" అని అడిగింది.

మావాడు కాదని వదిలేసిన వాళ్లని ఏం చేస్తారో ఆమె ఆరోజు మార్చురీలో అడగలేదు. అడిగితే అబద్ధం బయటపడిపోయేది.

"తెలీదత్తయ్యా" అంది.