చెరువు మీద అమ్మ రీలు

మా చేపల చెరువు గట్టు మీదికి నేను వెళ్లేది అమ్మ గొంతు వినడానికని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. చర్చిలో పాడబోయే పాటల్ని ముందుగా ఇంట్లో పాడి, క్యాసెట్లో రికార్డు చేసుకునేదట. టేప్‌రికార్డరు ఎప్పుడో పాడైంది. నీలం డబ్బాలో ఆ క్యాసెట్టు మాత్రం బీరువాలో మిగిలింది. పోయిన వేసవిలో నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తుంటే, నాన్న ఇంట్లోని పాత క్యాసెట్లన్నీ పట్టుకెళ్లి, రీళ్లు లాగి, కర్ర నుంచి కర్రకు చెరువు మీదుగా కట్టారు. గాలికి రీలు మోగితే పిట్టలు బెదురుతాయి. వాటిలో నీలం డబ్బా కూడా వెళ్లడం చూశాను. దాని రీలు ఏ కర్రకు కట్టారో గుర్తు పెట్టుకున్నాను. నాన్న చూసుకోలేదనుకున్నాను.

అప్పటినుంచి ఏలూరు హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా అమ్మ రీలు ఉన్న వరస కిందే కూర్చునేదాన్ని. కొల్లేటి గాలి లేస్తే రీలు సన్నగా మొదలయ్యేది, గాలితోపాటు పైకి వెళ్లేది. అందులో పాట లేదని తెలుసు. అయినా వినేదాన్ని.

మొన్న చలికాలం ఒకావిడ హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆరుబయటి శబ్దాల్ని పట్టి జనానికి వినిపించడమే ఆవిడ కళ. మా రీళ్లకు చిన్న చిన్న మైకులు తగిలించి, ఊళ్లోవాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చింది.

"మా మిక్సీ కూడా ఇలాగే పాడుద్దండీ," అంది పక్క చెరువు పిన్ని. "దానికోసం ఎవరూ హైదరాబాద్ నుంచి రారు."

నా వంతు వచ్చింది. అమ్మ రీలు చెవుల్లో కాదు, గుండెల్లో మోగింది. గాలి తగ్గిన చోటల్లా, చరణానికీ చరణానికీ మధ్య ఎవరో ఊపిరి తీసుకున్నట్టుంది.

"ఎలా ఉందండీ?" అని ఆవిడ అడిగితే, "బాగుందండీ," అని మాత్రం అనగలిగాను.

ఆవిడ సామాను సర్దుకుని వెళ్లిపోయాక నాన్న అన్నారు, "రేపు పిట్టలు వాలకుండా చెరువంతా వల కప్పుతారమ్మా. ఈ రీళ్లన్నీ పీకేస్తారు."

ఒక్కటి నాకు కావాలని అడగాలి. నేను ఇంకా అమ్మ రీలు కిందే నిలబడి ఉన్నాను. నాన్న కర్ర దగ్గరికి వెళ్లి ఆ ఒక్క రీలు ముడే విప్పారు. కొస నా చేతిలో పెట్టారు.

"అమ్మదని, గాలి బాగా తగిలే చోటు చూసి కట్టానమ్మా. మెల్లగా చుట్టుకో, మడత పడనివ్వకు."