నీటిని తట్టి పిలిచిన ఎస్తేరు టీచర్

"అన్నా, ఎస్తేరు టీచర్ పోయిందట" అని ఆ మంగళవారం పొద్దున, ఆమె దగ్గర ఈత నేర్చుకునే శ్రీజ తల్లి లావణ్య ఫోన్లో చెప్పినప్పుడు నమ్మశక్యం కాలేదు. రెండు రోజుల కిందటే కరీంనగర్ ఈత కొలనులో ఆమెను చూశాను. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత తెలిసింది. పత్రికలో ఎన్నో మరణవార్తలు దిద్దిన చేయి ఇది. ఈ ఒక్క వార్త దగ్గర ఆగిపోయింది. లావణ్య ఏడుపు ఆపుకొని ఒకటే అడిగింది: "ఇగ మా శ్రీజను నీళ్లల్లకు ఎవలు దింపుతరన్నా?"



ఎస్తేరు టీచర్ ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఆమె ఈల వీధి చివరిదాకా వినబడేదని పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉద్యోగ విరమణ తర్వాత, ఆటిజం వంటి తేడాలతో పుట్టిన పిల్లలకు ఆదివారం పొద్దున ఈత నేర్పడం మొదలుపెట్టారు. తొలిరోజు ఈల ఊదగానే ఒక పిల్లవాడు చెవులు మూసుకొని నేల మీద పొర్లాడు. ఆ ఈల మళ్లీ కొలను దగ్గర కనబడలేదు. దానికి బదులు అరచేత్తో నీటిని రెండుసార్లు తట్టేవారు. 'నేనిక్కడున్న, రా' అని అర్థం. మాటలు రాని పిల్లలు కూడా ఆ పిలుపును గుర్తుపట్టేవారు.

మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమని డాక్టరు చెబితే నేనూ అదే వేళకు వెళ్లేవాణ్ని. "పేపరన్నా, జర ఆ మూలకు పోయి నడువు. నువ్వు బర్రె లెక్క నీళ్లు కలబెడితే పిల్లలు పరేషాన్ అయితున్నరు" అని నలుగురిలో అనేవారు. నవ్వుతూ మూలకు పోయేవాణ్ని.

శ్రీజను ఆమె మొదట చూసింది ఒక మరమగ్గాల ఊళ్లో. బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, మగ్గాల షెడ్డు గుంజకు చున్నీతో నడుము కట్టేసిన పిల్ల కంటబడింది. పక్కనే తల్లి లావణ్య నూలు కండెలు చుడుతోంది.

"ఎందుకు కట్టినవ్ బిడ్డా?"

"నీళ్లు కనవడితే ఉరుకుతదమ్మా. మొన్ననే చెరువులకెల్లి తీసిన్రు. నేను పనిల పడితే ఎవలు సూడాలె?"

టీచర్ మందలించలేదు. "నీళ్లంటే దానికి ఇష్టం, మనకు భయం. జీవితమంత కట్టేసి ఉంచుతవా? ఆదివారం కరీంనగర్ కొలనుకు పట్టుకరా, నేను ఈత నేర్పుత" అన్నారు.

అందరూ ముందు దిగడం నేర్పుతారు. ఆమె ముందు ఎక్కడం నేర్పారు. నీళ్లలో పడగానే వెనక్కి తిరగడం, గట్టు పట్టుకోవడం, పైకి రావడం. అదీ ఇంటి బట్టలతోనే. "చెరువుల పడేనాడు ఈత డ్రెస్సు ఏసుకొని పడదు గదా!" అనేవారు. ఆ ఒక్క మలుపు శ్రీజకు పట్టుబడేసరికి ఎండాకాలం పోయి వానలు కూడా వెనకబట్టాయి. ఆ తర్వాత లావణ్య అదే చున్నీని బిడ్డ తల తుడవడానికి తెచ్చేది.

తను మాత్రం గట్టు దిగేది కాదు. "బిడ్డకు వచ్చింది, తల్లికి రాదాయె. దిగు లావణ్యా!" అని టీచర్ ఎన్నిసార్లన్నా, "అమ్మో, నాకు సూస్తెనే గుండె దడ" అని వెనక్కి జరిగేది.

ఓసారి మా విలేకరి ఒకడు వచ్చి, "ఈతతోటి పిల్లలకు నయమైతదా టీచర్?" అని అడిగాడు. "ఏం జబ్బని నయం చెయ్యాలె? నీళ్లల్ల పడితే బతకాలె, సంతోషంగ ఆడుకోవాలె. గంతే రాసుకో" అన్నారు. అతడు అంతే రాశాడు.

ఈత గంట ముగియగానే తడి జడతోనే చర్చికి వెళ్లేవారు. "ఏం టీచరమ్మా, వారం వారం బాప్తిస్మమా?" అని పాస్టరు గారు ఆటపట్టిస్తే, "మీరు నీళ్లు చల్లి ఊకుంటరు అయ్యగారూ, నేను ముంచి తీస్త" అనేవారు.

ఆమె పోయాక వచ్చిన మొదటి ఆదివారం, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే కుటుంబాలన్నీ కొలను దగ్గరికి వచ్చాయి. కొలను శిక్షకుడు లోతు వైపు నిలబడ్డాడు. శ్రీజ గట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. మెట్ల పక్కన, టీచర్ ఎప్పుడూ నిలబడే చోటు కేసి చాలాసేపు చూసింది. ఇక వెనక్కి పోతుందనుకున్నాం. మెట్ల కమ్మీ పట్టుకొని తనే దిగింది. ఛాతీలోతు నీళ్లలో ఆ చోటికే వెళ్లి నిలబడి, గట్టు మీదున్న తల్లి వైపు తిరిగి, అరచేత్తో నీటిని రెండుసార్లు తట్టింది.

"అన్నా... నన్నేనా?" అంది లావణ్య.

"నిన్నే" అన్నాను.

చున్నీ నా చేతికిచ్చింది. "అవ్వో, అవ్వో" అనుకుంటూ, కమ్మీ వదలకుండా, ఒక్కో మెట్టూ దిగింది. నీళ్లు నడుము దాకా రాగానే ఆగిపోయింది. శ్రీజ మళ్లీ తట్టింది.

టీచర్, మీ వంటి మనిషి మా ఊరికి మళ్లీ దొరకదు. మీరు నిలబడిన చోటు ఒక్కరితో నిండేది కాదు. అక్కడ ఇప్పుడు తల్లీబిడ్డలిద్దరు చేతులు పట్టుకొని నిలబడ్డారు.