తడి కాగితం

ప్రెస్సులో అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రి అనేవారు. సీసపు అక్షరాలు పేర్చి, ఇనుప చట్రంలో చెక్క చీలలు దిగ్గొట్టాడంటే, ఆ పేజీని నిలువునా ఎత్తినా ఒక్క అక్షరం రాలేది కాదు. ఆయనకున్న ఆస్తీ, గర్వమూ అదే.

ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ పని చివరికొచ్చింది. అది అయ్యాక ఒక్క కంపోజిటర్‌నే ఉంచుతానని ఓనరు ముందే చెప్పేశాడు. ఉన్నది ఇద్దరు. మేస్త్రి, ఆయన దగ్గరే పని నేర్చుకున్న బావమరిది.

ఆ రోజు మేస్త్రి పేరుస్తున్న పేజీలో 'వాంగిల్' అనే మాట తగిలింది. ప్రూఫులు దిద్దే మేష్టారు నవ్వాడు.

"ఇది మీవాళ్ల మాటేనయ్యా. ఏదో మాయచేసి, లేనిది ఉన్నట్టు చూపించి పని గడుపుకోవడం. ఎలా పుట్టిందో ఎవరికీ గట్టిగా తెలీదు గానీ, ఇంగ్లీషు ప్రెస్సువాళ్ల నోళ్లలో బాగా నలిగిందట."

"ఉన్న దొంగబుద్ధులన్నీ మాకే అంటగట్టండి!" అన్నాడు బావమరిది. "మా బావకి అది చేతకాదులెండి. లైను కాస్త వదులైతే అన్నం కూడా మానేసి కూర్చుంటాడు."

"చేతకాక కాదురా. తడి కాగితం ముక్క దోపితే లైను బిగుసుకుంటుంది. ఆరాక వదిలేస్తుంది. పేజీ రాలిందనుకో, ఏ మొహం పెట్టుకుని మళ్లీ ప్రెస్సుకొస్తాం?"

మర్నాడు పొద్దున ఓనరు ఎదుటే మేస్త్రి ఆ పేజీ ఎత్తాడు. నడుమ భాగం జలజలా రాలిపోయింది.

"చూపు మందగించినట్టుంది, పెద్దాయనా," అన్నాడు ఓనరు గొంతు తగ్గించి. "ఇవాళ్టితో విశ్రాంతి తీసుకోండి."

మేస్త్రి నేలమీద చతికిలబడి అక్షరాలు ఏరాడు. వాటి మధ్య ఎండి ముడుచుకుపోయిన కాగితం ముక్కలు. లైను బిగియడానికి సందుల్లో తాను పెట్టిన ఇత్తడి రేకులు ఒక్కటీ లేవు. తలెత్తి చూస్తే, బావమరిది అక్షరాల అరలవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వెనక్కి చూడటం లేదు.

ఒక్క మాటంటే వాడి బతుకు వీధిన పడుతుంది. వాడింట్లో పసిబిడ్డ. ఇంటికెళ్తే వాడి అక్క. మేస్త్రి కాగితం ముక్కలు జేబులో కుక్కుకున్నాడు.

సాయంత్రానికి పేజీ మళ్లీ పేర్చి, చీలలు బిగించి, బావమరిదిని పిలిచాడు.

"ఎత్తరా."

"నేనెందుకులే బావా..."

"ఎత్తు. రేపట్నుంచి ఎత్తాల్సింది నువ్వేగా."

ఎత్తాడు. అక్షరం రాలలేదు. మేస్త్రి తన సుత్తిని గుడ్డతో తుడిచి, వాడి బల్లమీద పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.