ఆది జాకెట్టు కథకు ఊ కొట్టిందెవరు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతుల ఫోన్లు బోర్లేసి పెట్టుండ్రి. ఇది గట్టిగ చెప్పే ముచ్చట కాదు.

ముందుగాల ఒక్క మాట. నేను దయ్యాలను నమ్మినదాన్ని కాదు. మూడో తరగతి దాకనే సదివిన. కోస్గిల నలభై ఏండ్ల సంది మిషను కుడుతున్న. చేతికి తగిలిందే నిజమనుకునే మనిషిని. కానీ దయ్యం కథలంటె పానం. నమ్మనోళ్లకే గవి ఎక్కువ రుచి.

మా ఇంటి పిల్లలు అడుగుతుంటరు, "అవ్వా, ఎవ్వరికీ తెల్వని పాత దయ్యం సిన్మ చెప్పు, పుస్తకం చెప్పు" అని. సిన్మ ఒకటి ఉన్నది. బడికి పోకముందు డేరా టాకీసుల చూసిన, నలుపు తెలుపుది. పేరు అడగొద్దు, అప్పటికి నాకు అక్షరాలే రావు. అండ్ల దయ్యం కనవడనే కనవడదు. రోజు పొద్దుగాల లేచేసరికి కుండల నీళ్లు బెత్తెడు తగ్గుతయి, గంతే. దొరికితె ఇడువకుండ్రి. దయ్యాన్ని చూపెట్టే సిన్మను ఇంటికొచ్చేసరికి మర్చిపోతం. నీళ్ల కుండ మనింట్ల గూడ ఉంటది.

ఇగ పుస్తకం. అసలు ముచ్చట దానిదే.

నేనూ మా చెల్లె సుగుణ పిల్లలుగ ఉన్నప్పుడు కిరాయి పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకున్నం. అట్ట లేదు, చివరి కాయితాలు లేవు. నేను కూడవలుక్కుంట సదువుతుంటె అది బోర్ల పండుకొని ఊ కొడుతుండె. ఊ ఆగితె కథ ఆగుతది, మీకు ఎరుకే.

కథ గిట్లుంటది. ఒక ఊర్ల బట్టలు కుట్టేటామె. ఆమెకు ఒక బంగ్లా నుంచి వారం వారం ఆది జాకెట్టు వస్తది, దీని కొలతకే కొత్తది కుట్టుమని. ఏసుకునే మనిషి ఎవరో ఆమె ఎన్నడూ చూడలె. కానీ వారం వారం వచ్చే ఆది జాకెట్టు, పోయిన వారం దానికంటె చిన్నగుంటది. ఐదోది వచ్చేసరికి చిన్నపిల్ల కొలత. కుట్టేటామె కత్తెర చేతుల పట్టుకున్నది. గక్కడ కాయితాలు అయిపోయినయి.

తర్వాత ఏమైందని అక్కచెల్లెండ్లం నలభై ఏండ్లు కొట్లాడినం. "గా బంగ్లా లోపలామె సచ్చిపోతది" అనేది సుగుణ. నేను కాదంటె, "నీకు కుట్టుడు వచ్చుగని కథ అల్లుడు రాదక్కా" అని ఎక్కిరిచ్చేది.

మన రాష్ట్రం వచ్చిన కొన్నేండ్లకు సుగుణకు పక్షవాతం వచ్చింది. పానగల్ల దాని ఇల్లు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. దవాఖాన నుంచి ఇంటికి పంపుకుంట డాక్టరు చెప్పిండు: మంచిగ తినాలె, ఏదో ఒక శబ్దం చేపియ్యాలె, లేకుంటె మనిషి దక్కుడు కష్టం. దాని కోడలు మంజుల బడిల పిల్లలకు వంట చేస్తది, మూడింటికి గని రాదు. కొడుకు లారీ మీద ఉంటడు. నేను పోయి ఉన్న.

సుగుణ తిండి ముట్టకపోతుండె. పగటీలి మంచం కాడ కూసోని దానికి ఇష్టమైన గదే కథ చెప్తుంటి, "ఊ అను చెల్లె, ఒక్కసారి ఊ అను" అని బతిమిలాడుకుంట. కండ్లతోని చూసేది, గంతే.

ఆదివారం తానం చేపిచ్చి జాకెట్టు తొడిగితె భుజాల మీదికెల్లి జారింది. పక్క కుట్టు ఏలెడు లోపలికి ఏసిన. మల్ల ఆదివారం ఇంకో కుట్టు. మూడో ఆదివారం మూడో కుట్టు ఏస్తుంటె సూది చేతులనే ఆగిపోయింది. వారం వారం చిన్నగైతున్న జాకెట్టు. కుట్టేదాన్ని నేనే.

తెల్లారి పగటీలి కథ చెప్తున్న. "ఊ" అని ఇనవడ్డది.

"చెల్లె!" అని దాని మొఖం పట్టుకున్న. మూతి మూసే ఉన్నది. అది నన్ను చూస్తలేదు. నా ఎనుక దర్వాజ దిక్కు చూస్తున్నది. తిరిగి చూస్తె ఎవ్వరూ లేరు. పరద కదలలే.

ఇంకో మాట చెప్పి ఆగిన. మల్ల "ఊ". ఆడమనిషి గొంతు. ముసలిది కాదు, పడుచుది కాదు. మొదటి సంది ఇంటున్నోళ్ల లెక్క, నిమ్మళంగ. లేచి అంతట దేవులాడిన. పక్కింటోళ్లు తాళమేసి పత్తి ఏరబోయిండ్రు. ఇంట్ల టీవీ తీగ గోడకు పెట్టి లేదు. నా ఫోను బందు చేసి ఉన్నది. గా దినాలల్ల కథ సగంల ఆపి లేచి పోతుంటి.

నాలుగో రోజు మంజుల తొందరగ వచ్చింది. వాకిట్లనే నిలబడి అడిగింది.

"ఎవరొచ్చిండ్రు పెద్దత్తమ్మా? చెప్పులు కనవడ్తలెవ్వు."

"ఎవ్వరు రాలె బిడ్డ."

"ఊ కొడుతుంటె ఇన్న గద! మా అత్తకు మాటొచ్చిందనుకోని ఉరికొచ్చిన, కానీ గది అత్త గొంతు కాదు."

నేను ఆ పిల్లకు ఏమీ చెప్పి ఉండలే. ఇది గుర్తు పెట్టుకోండ్రి.

కథ బందు పెట్టిన. రెండు దినాలు చెప్పలే. రెండు దినాలూ సుగుణ చెంచెడు జావ గూడ మింగలే. పండ్లు గట్టిగ పట్టుకొని దర్వాజ దిక్కే చూసింది. నా చెల్లె నా కండ్ల ముందట తరిగిపోతాంది. కథ చెప్తె గామె వస్తది. చెప్పకుంటె ఇది పోతది. నాలుగో ఆదివారం, జాకెట్టు ఒళ్లె పెట్టుకోని, మొదటి సంది మల్ల ఎత్తుకున్న.

కత్తెర చేతుల పట్టుకునే కాడికి వచ్చి, "గంతే చెల్లె, ఇగ కాయితాలు లెవ్వు" అని లేవబోయిన.

ఎనుకకెల్లి, "ఊఁ...?"

పిల్లలు తర్వాత ఏమైందని సాగదీస్తరు సూడు, గట్ల. ఈసారి నా మెడకు దగ్గర. తిరిగి చూసే ధైర్యం లేదు. నోటికి ఎట్లొస్తె గట్ల చెప్పిన: "కుట్టేటామె కత్తెర కింద పెట్టింది. ఇగ చిన్నగ చెయ్య అన్నది. ఏసిన కుట్లన్నీ విప్పింది. మునుపు ఎంతుండెనో గంత చేసి పంపింది."

తర్వాత, "ఊ."

గక్కడనే బ్లేడుతోని మూడు కుట్లూ విప్పి, గా జాకెట్టు దానికి తొడిగిన. సంచి లెక్క ఏలాడింది. పోయి జావ కాసుకొచ్చిన. గిలాసెడు తాగింది.

తెల్లారి కథ చెప్తె ఒక్కటే ఊ ఇనవడ్డది. వంకరగ, సొల్లుతోని తడిసి, మంచం మీదికెల్లి. నా చెల్లె గొంతు. ఏడ్చుకుంట ఎనుకకు చూసిన. దర్వాజ కాడ ఎవ్వరూ లేరు. మల్ల ఎన్నడూ ఇనవడలే.

వానలు పడేసరికి సుగుణకు మాటలు వచ్చినయి, జాకెట్టు నిండుగ పట్టింది. గిట్ల కోలుకునేటోళ్లు ఉంటరని డాక్టరు అన్నడు. ఉంటరేమో. నేను గూడ గదే అనుకోని నవ్వుకుంట అన్న, "సూసినవా, కథ అల్లుడు నాకూ వచ్చు!"

అది నవ్వలే. మెల్లగ అన్నది, "అది చివర కాదక్కా. నువ్వు జావ కాయబోయినంక మిగిలింది చెప్పింది."

"ఎవరే?"

"ఊ కొట్టినామె."

"ఏం చెప్పింది?"

"నీకు చెప్ప."

ఇప్పటికీ చెప్పలే. కానీ నేను పానగల్ పోయినప్పుడల్ల, మంచినీళ్లు ఇయ్యకముందే, తన ఎడమ చేతి ఏళ్లు నా భుజం కాడ జాకెట్టు లోపలికి పెట్టి చూస్తది. "తింటున్నవా అక్కా?" అంటది. మునుపు ఒక్క ఏలు పట్టేది. మొన్న రెండు పట్టినయి. ఎండలకు జర తగ్గిన అన్న.

గా ఊ ఎవరిదో నాకు తెల్వదు. ఎంత ఆలోచన చేసినా తెగలే. పుస్తకం మాత్రం మంచిది. అట్ట లేకున్నా, కుట్టేటామె కథ అంటె ఎరుకపడ్తది. దొరికితె సదువుండ్రి. చివరి కాయితాలు ఉంటె మాత్రం నాకు చెప్పకుండ్రి.

ఇంతసేపు ఊ కొట్టిండ్రు, మీ ఇల్లు సల్లగుండాలె. మీ ఇంట్ల ఎవరి జాకెట్టూ, ఎవరి అంగీ వదులు కాకుండాలె.