తేనెకు అగ్గిపుల్ల పరీక్ష

గోదావరిఖని బస్టాండు బయట ఒక అవ్వ దగ్గర తేనె సీసా కొని షేర్ ఆటో ఎక్కాను. అమ్మకం ముగించుకుని, ఖాళీ బుట్టతో ఆమె కూడా నా ఎదురుగానే కూర్చుంది. ఆ తేనె మా అమ్మ దగ్గు కోసం. కల్తీదేమోనన్న అనుమానం మాత్రం వదల్లేదు. తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలిగితే అది అసలుదని మా వైపు అంటారు. ఆటోలో పక్కనున్న ముగ్గురినీ అగ్గిపెట్టె అడిగాను. ఎవరి దగ్గరా లేదు.

"బొగ్గుబాయిల డ్యూటీ అన్నా," అన్నాడు ఒకతను. "గనిల గ్యాస్ ఉంటది, అగ్గిపెట్టె ఉంటే కిందికి దిగనియ్యరు. జేబుల పెట్టుకునే అలవాటే లేదు మాకు."

నా అనుమానం అవ్వకు అర్థమైపోయింది. ఆటో ఆపించి, పక్కనున్న చాయ్ హోటల్‌లో అగ్గిపెట్టె అడిగి తెచ్చింది.

"నువ్వే గియ్యి బిడ్డా. నువ్వు చూసినంకనే ఆటో కదులుతది."

సీసా మూత తీసి, తేనెలో ముంచి గీస్తే మొదటి పుల్ల విరిగింది. రెండోది చిటపటలాడి వెలిగింది. ఊపిరి పీల్చుకుని, పరధ్యానంగా అగ్గిపెట్టెను జేబులో వేసుకోబోయాను. అవ్వ నా చేతిలోంచి లాక్కుంది.

"తేనె తీస్కపో. ఇది మాత్రం ఆటో ఎక్కద్దు. జారి వీళ్ల సంచిల పడితే ఎట్ల? బాయిల దీపం కాదు, మనుషులే కాలుతరు."

వెనక్కి నడిచి వెళ్లి, దాన్ని హోటలతని చేతిలో పెట్టి వచ్చింది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా ఆ ముగ్గురిలో ఒక్కరూ తొందరపెట్టలేదు.

అగ్గిపుల్ల మాట ఎంతవరకు నమ్మాలో నాకిప్పటికీ తెలియదు. ఆ తేనెకు మాత్రం మరో పరీక్ష పెట్టలేదు.